నూనెలో మునిగిన నిప్పు
మోటారు కొట్టంలోని స్టార్టరు నుంచి అమెరికా ప్రయోగశాల దాకా... ద్రవాలే స్విచ్చులైన కథ

బోరుబావి పక్కన చిన్న కొట్టం. గోడకు బిగించిన ఇనప డబ్బా. దానికి ఒక పక్కన పిడి. కరెంటు రాగానే రైతు ఆ పిడిని ముందు ఒక వైపుకు లాగుతాడు. మోటారు ఊపందుకున్నాక రెండో వైపుకు తోస్తాడు. కాసేపటికి గొట్టంలోంచి నీళ్లు దూకుతాయి. కోలారు, ముళబాగిలు, పావగడ, బళ్లారి పల్లెల్లోనూ, హోసూరు, కృష్ణగిరి వైపు తోటల్లోనూ సేద్యం చేసుకునే తెలుగు రైతులకు ఈ పాతకాలపు స్టార్టరు డబ్బా పరిచయమే.

మూత తీసి చూస్తే లోపల నూనె ఉంటుంది. కొత్తగా చూసినవాళ్లకు అనుమానం రావడం సహజం. ఇందులో తిరిగే చక్రం లేదు, అరిగే బేరింగూ లేదు. మరి నూనె దేనికి?

అది కందెన కాదు. స్విచ్చులో సగభాగం ఆ నూనెదే. పిడి కదిలినప్పుడల్లా లోపల రాగి కాంటాక్టులు కలుస్తాయి, విడిపోతాయి. విడిపోయే క్షణంలో వాటి మధ్య నిప్పు పుడుతుంది. ఆ నిప్పును మింగడానికే నూనె. ఇదే సూత్రం మీద సబ్‌స్టేషన్లలో లక్షా ముప్పై రెండు వేల వోల్టుల లైన్లను తెంచే స్విచ్చులు దశాబ్దాల పాటు పనిచేశాయి. ఇంకా ముందుకు వెళితే, లోహపు కాంటాక్టులు కలవకుండానే, కేవలం నూనెనో నీళ్లనో స్విచ్చుగా వాడి కోట్ల ఆంపియర్ల కరెంటును నడిపిస్తున్న యంత్రాలూ ఉన్నాయి.

నమ్మశక్యంగా లేకపోయినా అన్నిటి వెనకా ఉన్న సంగతి ఒక్కటే. కరెంటును ఆపే ప్రతి ద్రవమూ ఏదో ఒక దగ్గర చేతులెత్తేస్తుంది. అది ఎప్పుడు చేతులెత్తేస్తుందో తెలిసినవాడికి పనిముట్టు. తెలియనివాడికి ప్రమాదం.

పీపాల్లో పుట్టిన స్విచ్చు

1902వ సంవత్సరం సరిహద్దు తెలుగువాళ్లకు గుర్తుండాల్సిన సంవత్సరం. కావేరి మీద శివసముద్రంలో పుట్టిన కరెంటు ఆ ఏడాది 92 మైళ్లు, అంటే దాదాపు 148 కిలోమీటర్లు ప్రయాణించి కోలారు బంగారు గనులకు చేరింది. అప్పట్లో ప్రపంచంలోనే పొడవైన లైన్లలో అదొకటి. తమిళులతో పాటు తెలుగు కుటుంబాలు తరతరాలుగా చెమటోడ్చిన ఆ గనుల్లో లిఫ్టులు, పంపులు, మిల్లులు కరెంటుతో నడవడం అక్కడి నుంచే మొదలైంది. 2001లో గనులు మూతపడ్డాయి గానీ ఆ లైను కథ మాత్రం విద్యుత్ చరిత్రలో మిగిలిపోయింది.

సరిగ్గా అదే 1902లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఇంకో ప్రయోగం నడుస్తోంది. దూరాలకు కరెంటు పంపాలంటే వోల్టేజీ పెంచాలి. వోల్టేజీ పెరిగేకొద్దీ లైను తెంచడం కష్టమవుతుంది. గాలిలో కాంటాక్టులు విడదీస్తే నిప్పు సాగుతూనే ఉంటుంది, తెగదు. దీనికి జె.ఎన్. కెల్మన్ అనే ఇంజినీరు చేసిన ఉపాయం చూడటానికి చాలా మోటుగా ఉంటుంది. మూతల్లేని రెండు చెక్క పీపాలు. వాటిలో నీళ్లు, నూనె. అందులో మునిగి కలిసే, విడిపోయే కాంటాక్టులు. నలభై వేల వోల్టుల లైనును ఆ పీపాలు తెంచాయి.

1902 ఏప్రిల్‌లో పనిలోకి దిగిన ఆ స్విచ్చు 1903 మార్చి దాకా నడిచింది. ఒక రోజు కొద్ది సమయంలోనే వెంటవెంటనే అనేకసార్లు లైను తెంచాల్సి వచ్చింది. మండే నూనె పీపాల్లోంచి ఎగజిమ్మి చుట్టూ ఉన్న కట్టెల మీద పడింది. ఆ మంట అదుపు తప్పింది. అక్కడితో ఆ స్విచ్చు కథ ముగిసింది.

ఏడాది కూడా నిండని ఆ పీపాల జీవితంలో ఆయిల్ స్విచ్చుల మంచీ చెడూ రెండూ ఉన్నాయి. నూనె నిప్పును ఆర్పుతుంది, నిజమే. కానీ ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వకుండా పదే పదే పని చెప్తే అదే నూనె నిప్పవుతుంది.

హైడ్రోజన్ చేసే మేలు

నూనె మండుతుంది కదా, మరి నిప్పును ఎలా ఆర్పుతుంది? ఈ ప్రశ్నకు జవాబు కాంటాక్టులు విడిపోయే ఆ క్షణంలో ఉంది.

రాగి మొనలు దూరం జరిగేటప్పుడు వాటి మధ్య లేచే ఆర్క్ వేడి కొన్ని వేల డిగ్రీలు. సూర్యుడి పైపొరతో పోటీపడే వేడి అది. దాన్ని తాకిన నూనె విరిగిపోయి వాయువుగా మారుతుంది. ఆ వాయువులో సుమారు నూటికి డెబ్భై పాళ్లు హైడ్రోజన్, ఇరవై పాళ్లు ఎసిటిలీన్, మిగిలింది మీథేన్ లాంటివి. వినడానికి అన్నీ మండే వాయువులే. కానీ మండాలంటే గాలి కావాలి. నూనె అడుగున గాలి ఎక్కడిది? అందుకని అక్కడ హైడ్రోజన్ మండదు. పైగా వేడిని లాక్కుపోవడంలో దాన్ని మించిన వాయువు లేదు. ఆర్క్‌లోని వేడిని అది అమాంతం పీల్చేస్తుంది.

దీనికి తోడు మన కరెంటు స్వభావం ఒకటుంది. ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు దిగి మళ్లీ లేస్తుంది. దిగిన ప్రతిసారీ ఆర్క్ ఒక్క క్షణం ఆరుతుంది. ఆ రెప్పపాటులో చుట్టూ ఉన్న చల్లటి నూనె కాంటాక్టుల మధ్యకు చొచ్చుకొస్తే ఇక నిప్పు తిరిగి అంటుకోదు. లైను తెగినట్టే. ఆర్క్ తన చుట్టూ తానే పుట్టించుకున్న వాయువు చేతిలో ఓడిపోతుందన్నమాట.

ఈ సూత్రంతో తర్వాత పెద్ద పెద్ద డ్రమ్ముల్లాంటి ఆయిల్ సర్క్యూట్ బ్రేకర్లు వచ్చాయి. సబ్‌స్టేషన్ సిబ్బంది నోట అవి ఓసీబీలు. వాటిలో నూనెది రెండు పనులు. ఒకటి నిప్పు ఆర్పడం, రెండోది కరెంటున్న భాగాన్ని ఇనప డ్రమ్ముకు తగలకుండా కాపాడటం. ఆ రెండో పనిని పింగాణీకి అప్పగించి, నిప్పు ఆర్పేందుకు మాత్రమే కాస్త నూనె వాడే రకం తర్వాత వచ్చింది. యార్డులో సన్నగా, పొడుగ్గా నిలబడే పింగాణీ స్తంభాలు అవే. నూనెకు బదులు నీళ్లతో పనిచేసే బ్రేకర్లను కూడా జర్మనీలో తయారుచేశారు.

అయితే పని చేసిన ప్రతిసారీ నూనె కొంత చెడుతుంది. ఆర్క్ తగిలినచోట సన్నని మసి పుడుతుంది. బంగారు రంగు నూనె క్రమంగా నల్లబడుతుంది. కొన్ని పెద్ద ఫాల్టులు తెంచాక నూనె వడకట్టాలి, లేదంటే మార్చాలి. మట్టం తగ్గి కాంటాక్టులు నూనె పైకి తేలితే మరీ ప్రమాదం. అప్పుడు హైడ్రోజన్‌కు గాలి తోడవుతుంది. ఆ రెండూ నిప్పు దగ్గర కలిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఓసీబీల దగ్గర పనిచేసినవాళ్లు నూనె మట్టం చూసే గాజుగొట్టాన్ని అంత జాగ్రత్తగా చూసేది అందుకే.

కప్పులో చిన్న పిడుగు

మరి నూనె మంచిదో కాదో తేల్చేదెలా? రంగు చూసి చెప్పలేం, వాసన చూసీ చెప్పలేం. దానికో పరీక్ష ఉంది. అనుభవమున్న సబ్‌స్టేషన్ సిబ్బంది అందరికీ అది తెలుసు.

చిన్న కప్పులో నూనె పోస్తారు. అందులో ఎదురెదురుగా రెండు లోహపు గోళీలు మునిగి ఉంటాయి. వాటి మధ్య సందు రెండున్నర మిల్లీమీటర్లు. మూత వేసి, సెకనుకు రెండు వేల వోల్టుల చొప్పున వోల్టేజీ పెంచుకుంటూ పోతారు. ముల్లు జరుగుతూ ఉంటుంది. పది వేలు, ఇరవై వేలు, ముప్పై వేలు... నూనె కదలదు, మెదలదు. ఉన్నట్టుండి గోళీల మధ్య టప్పున ఒక మెరుపు. మీటరు సున్నాకు పడుతుంది. అంతకు ముందు ముల్లు ఎంత చూపించిందో ఆ అంకెను రాసుకుంటారు. నూనెను కాసేపు తేరుకోనిచ్చి మళ్లీ చేస్తారు. అలా ఆరుసార్లు చేసి సగటు తీస్తారు. సిబ్బంది భాషలో ఇది బీడీవీ పరీక్ష.

శుద్ధి చేసిన కొత్త నూనె అయితే అరవై వేల వోల్టులకు పైగా తట్టుకోవాలి. చిన్న వోల్టేజీ పరికరాల్లో వాడుకలో ఉన్న నూనె కూడా ముప్పై వేల కిందికి దిగకూడదు. దీనికి మొదటి శత్రువు తేమ. పది లక్షల పాళ్ల నూనెలో నలభై, యాభై పాళ్ల నీరు చేరినా చాలు, దాని సత్తా సగానికి పైగా పడిపోతుంది. అందులో సన్నని దారపు పోగులో, మసో ఉంటే చెప్పనే అక్కర్లేదు. అవన్నీ వరస కట్టి కరెంటుకు వంతెన వేస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన వేలాడే గాజుబుడ్డిలో నీలంరంగు సిలికాజెల్ పలుకులు గులాబీ రంగుకు తిరిగితే మార్చాలనడం ఇందుకే. లోపలికి వెళ్లే గాలిలోని తేమను అవి పీల్చుకుంటాయి.

ఈ కప్పులోని మెరుపును కాస్త ఆలోచించి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. మెరుపుకు ముందు గోళీల మధ్య కరెంటు లేదు. మెరుపు వచ్చాక ఉంది. కదిలిన భాగం ఏదీ లేదు. పిడి లేదు, స్ప్రింగు లేదు. ముందు ఆపి, తర్వాత వదిలింది. స్విచ్చు చేసే పని కూడా ఇదే కదా!

తెంచడానికి కాదు, కలపడానికి

సబ్‌స్టేషన్ ఇంజినీరు ఏ మెరుపు రాకూడదని కోరుకుంటాడో అదే మెరుపు కోసం ఎదురుచూసే శాస్త్రవేత్తలు ఇంకొకచోట ఉన్నారు. వాళ్ల రంగం పేరు పల్స్‌డ్ పవర్. ఒక్క మాటలో చెప్పాలంటే తాపీగా కూడబెట్టి, రెప్పపాటులో ఖర్చుపెట్టడం.

చెరువు ఉదాహరణ తీసుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. వానాకాలమంతా వాగులూ వంకలూ చేరి చెరువు నిండుతుంది. తూము తీస్తే పదిరోజులు పారుతుంది. అదే నీరు గట్టు తెగి ఒక్కసారి బయటపడితే ఊళ్లు కొట్టుకుపోతాయి. నీళ్లు అవే, పరిమాణమూ అదే. తేడా అంతా అవి బయటికొచ్చిన వేగంలో ఉంది. కరెంటు కూడా అంతే. కెపాసిటర్లలో నెమ్మదిగా నింపి, సెకనులో కోటో వంతులో బయటికి వదిలితే దాని బలం ఊహకు అందదు.

ఇక్కడే చిక్కు వస్తుంది. ఆ గట్టును తెంపేదెలా? పది లక్షల వోల్టుల దగ్గర, సెకనులో కోటో వంతు లోపల కలిసే లోహపు స్విచ్చు లోకంలో లేదు. మనిషి చెయ్యి గానీ, స్ప్రింగు గానీ, మోటారు గానీ అంత వేగంగా కదలవు. కదలాల్సిన పని లేని స్విచ్చు కావాలి. కప్పులోని నూనె చేసింది అదే.

గాలినో, ఇతర వాయువులనో కూడా ఇలా వాడతారు. కానీ మామూలు గాలి సెంటీమీటరుకు ముప్పై వేల వోల్టులకే లొంగిపోతుంది. నూనె, నీరు అంతకన్నా ఎన్నో రెట్లు తట్టుకుంటాయి. అందువల్ల సందు చిన్నది చాలు. సందు చిన్నదైతే కరెంటు వేగంగా అందుకుంటుంది. ప్లాస్టిక్ లాంటి ఘనపదార్థాలు ఇంకా గట్టివే గానీ, ఒకసారి చిల్లుపడితే ఇక అంతే. ద్రవానికి ఆ బాధ లేదు. చిల్లు పడినచోటికి పక్కనున్న ద్రవం వచ్చి చేరుతుంది. గాయం తనంతట తానే మానుతుంది.

ఈ విద్యకు ఒక శాస్త్రంగా రూపమిచ్చినవాళ్లలో మొదట చెప్పుకోవాల్సింది బ్రిటన్‌కు చెందిన జె.సి. మార్టిన్. 1960 దశకంలో ఆల్డర్‌మాస్టన్ అణ్వాయుధ పరిశోధన కేంద్రంలో ఆయన బృందం ద్రవాల ఓపికను కొలిచింది. దట్టమైన లోహం పేలుతున్న క్షణంలో దాని లోపలి ఫొటో తీయగల బలమైన ఎక్స్‌రే మెరుపు కోసం ఆ పని మొదలైంది. ఎంత వోల్టేజీకి, ఎంతసేపటికి, ఎంత పెద్ద పలకల మధ్య ఏ ద్రవం లొంగిపోతుందో చెప్పే తేలికపాటి లెక్కలు వాళ్లు కట్టారు. ఇప్పటికీ ఈ యంత్రాలు కట్టేవాళ్లు ముందు చూసేది ఆ లెక్కలనే.

నీళ్లు కరెంటును ఆపుతాయా?

ఇక్కడ ఎవరికైనా అడ్డుప్రశ్న రావాలి. తడిచేత్తో స్విచ్చు ముట్టుకోవద్దని చిన్నప్పటి నుంచి చెప్తారు. అలాంటిది నీళ్లు కరెంటును ఆపడమేంటి?

తడిచేతి హెచ్చరిక నూటికి నూరుపాళ్లు నిజం. బోరు నీళ్లలో, కుళాయి నీళ్లలో ఉప్పులు కరిగి ఉంటాయి. కరెంటును మోసుకుపోయేవి ఆ ఉప్పులే. వాటిని పూర్తిగా వడకట్టేస్తే మిగిలే నీరు కరెంటును సరిగ్గా పోనివ్వదు. అయినా సరే, ఆ శుద్ధమైన నీరు కూడా ఎక్కువసేపు ఆగలేదు. సెకనులో పది లక్షల వంతు, మహా అయితే దానికి కొన్ని రెట్లు... అంతవరకే దాని ఓపిక. ఇంట్లో వాడుకోవడానికి అది ఏ మాత్రం పనికిరాదు. కానీ సెకనులో కోటో వంతులో పని ముగించే యంత్రానికి ఆ ఓపిక చాలు.

మార్టిన్ బృందం లెక్కల్లో ఇదే కీలకం. నీటి మీద వోల్టేజీ ఉండే వ్యవధిని ఎనిమిదో వంతుకు తగ్గిస్తే అది రెట్టింపు వోల్టేజీని తట్టుకుంటుంది. చదరపు సెంటీమీటరు పలకకు, సెకనులో పది లక్షల వంతు వ్యవధికి, సెంటీమీటరు సందులో సుమారు మూడు లక్షల వోల్టులు నిలుస్తాయి. వ్యవధి ఎనిమిదో వంతు చేస్తే ఆరు లక్షలు. పలక పెద్దదయ్యేకొద్దీ మాత్రం బలం తగ్గుతుంది. వెయ్యి రెట్లు పెద్దదైతే సగానికి పడుతుంది. గొలుసు ఎంత పొడుగైతే అందులో బలహీనమైన లింకు ఉండే అవకాశం అంత ఎక్కువ కదా, ఇదీ అలాగే.

ఇంకో విచిత్రం, నీటికి ప్లస్ వైపు, మైనస్ వైపు ఒకటి కాదు. మెరుపు పోగు ప్లస్ పలక నుంచి తేలిగ్గా మొలుస్తుంది. మైనస్ వైపు నుంచి మొలవాలంటే దాదాపు రెట్టింపు బలం కావాలి. అందుకని ఎక్కడ తెగాలో అక్కడ మొనదేలిన ప్లస్ ముక్క పెడతారు. ఎక్కడ తెగకూడదో అక్కడ నున్నటి, గుండ్రటి పలకలు పెడతారు. గట్టుకు ఎక్కడ గండి పడాలో ముందే నిర్ణయించి అక్కడ మట్టి పలచన చేసినట్టన్నమాట.

నీటికి ఇంకో గొప్ప గుణం ఉంది. రెండు పలకల మధ్య నూనె నింపితే ఎంత విద్యుత్తు నిల్వ ఉంటుందో, అదే వోల్టేజీ దగ్గర నీరు నింపితే దానికి సుమారు ముప్పై అయిదు రెట్లు ఉంటుంది. అంటే ఒకే నీరు గోదాము అవుతుంది, గట్టు అవుతుంది, గండి కూడా అవుతుంది.

మెరుపుల చక్రం

ఈ విద్య పరాకాష్ఠ చూడాలంటే అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రం అల్బుకర్కీ వెళ్లాలి. అక్కడి శాండియా జాతీయ ప్రయోగశాలలో 'జడ్ మెషీన్' అనే యంత్రం ఉంది. 1985 నాటి పాత యంత్రాన్ని మార్చి 1996లో ఈ పేరు పెట్టారు. 2007లో దాన్ని మళ్లీ బలంగా పునర్నిర్మించారు.

పైనుంచి చూస్తే బండిచక్రంలా ఉంటుంది. వ్యాసం 33 మీటర్లు. ఆకుల్లా 36 శాఖలు నడుమనున్న ఇరుసు వైపు వస్తాయి. బయటి వలయంలో లక్షల లీటర్ల ట్రాన్స్‌ఫార్మర్ నూనె. అందులో 36 కెపాసిటర్ దొంతరలు మునిగి ఉంటాయి. ఒక్కో దొంతరలో 60 చొప్పున మొత్తం 2,160 కెపాసిటర్లు. లోపలి వలయంలో లక్షల లీటర్ల శుద్ధమైన నీరు.

కెపాసిటర్లను పక్కపక్కన పెట్టి నింపుతారు. నిండాక ఒకదాని మీద ఒకటి ఎక్కించినట్టు కలిపేస్తారు. వోల్టేజీలన్నీ కూడుకుని లక్షలకు చేరతాయి. జర్మనీకి చెందిన ఎర్విన్ మార్క్స్ 1924లో కనిపెట్టిన పద్ధతి ఇది. అక్కడి నుంచి శక్తి నీటి వలయంలోకి దూకుతుంది. లేజర్ కాంతితో మీటే వాయు స్విచ్చులు 36 శాఖలకూ ఒకేసారి సంకేతమిస్తాయి. ఆ తర్వాతి దశలో నీటి స్విచ్చుల వంతు. వాటికి ఎవరూ మీట నొక్కరు. వోల్టేజీ పెరిగి, లెక్క ప్రకారం ఆ క్షణం రాగానే నీరు తనంతట తానే తెగుతుంది. ఒక్కో దశ దాటేకొద్దీ మెరుపు వ్యవధి కుంచించుకుపోతుంది, బలం పెరుగుతుంది. చివరికి ఇరుసు దగ్గరికి చేరేసరికి రెండు కోట్ల అరవై లక్షల ఆంపియర్ల కరెంటు. సమయం సెకనులో కోటో వంతు.

పోల్చి చూసుకోవడానికి, బోరు మీద నడిచే అయిదు హార్స్‌పవర్ మోటారు లాగేది ఏడెనిమిది ఆంపియర్లు.

అసలు ఆశ్చర్యం ఇది కాదు. ఆ యంత్రం ఒక్కసారికి కూడబెట్టే విద్యుత్తు సుమారు రెండు కోట్ల జౌళ్లు. మన మీటరు లెక్కలో అయిదున్నర యూనిట్లు! అదే అయిదు హార్స్‌పవర్ మోటారు గంటన్నర నడిస్తే అయ్యే ఖర్చు. మడి తడపడానికి సరిపోయే కరెంటును రెప్పపాటులో వందో వంతు కూడా కాని వ్యవధిలోకి పిండితే, దాని నడుమ పెట్టిన సన్నని లోహపు తీగలు ఆవిరై, నలిగి, ఎక్స్‌రే మెరుపుగా మారతాయి. అందులో ఒక ప్రయోగంలో రెండు వందల కోట్ల డిగ్రీలకు పైగా వేడి నమోదైందని 2006లో ప్రకటించారు. శనిగ్రహం, గురుగ్రహం గర్భాల్లో పదార్థం ఎలా ఉంటుందో, అణుబాంబులు పేల్చకుండానే వాటి తీరు ఎలా తెలుసుకోవాలో, సూర్యుడిలో జరిగే సంలీనాన్ని భూమ్మీద ఎలా సాధించాలో పరీక్షించడానికి ఈ యంత్రాన్ని వాడుతున్నారు. నీటి మీద మెరుపుతీగలు అల్లుకున్న దాని ఫొటో సైన్సు పుస్తకాల్లో చాలామంది చూసే ఉంటారు.

ఇబ్బందులూ ఉన్నాయి

అంతా సవ్యంగా ఉంటే ప్రతి ఊళ్లోనూ నీటి స్విచ్చులు ఉండేవి. అలా లేకపోవడానికి కారణాలున్నాయి.

నీటిలో మెరుపు మెరిసిన ప్రతిసారీ చిన్న పేలుడు లాంటిది జరుగుతుంది. ఆ దెబ్బ పక్కనున్న లోహం మీదా, ఇన్సులేటర్ల మీదా పడుతుంది. బుడగలు లేస్తాయి. బుడగ ఉన్నచోట ద్రవం బలహీనం. అవి పోయేదాకా ఇంకోసారి మెరిపించడానికి లేదు. నూనె అయితే బుడగలకు మసి తోడవుతుంది. అందుకే జడ్ మెషీన్ లాంటి పెద్ద యంత్రాలు రోజుకు ఒకసారి పేల్చడమే గగనం. సెకనుకు పదులసార్లు మెరవాలంటే ద్రవాన్ని ఒత్తిడితో పారిస్తూ ఉండాలి. మసీ బుడగలూ కొట్టుకుపోయి కొత్త ద్రవం సందులోకి రావాలి. ఈ పద్ధతి మీద అమెరికాలో పరిశోధనలు జరిగాయి.

మరోపక్క వాయువుకూ ఒక మచ్చ ఉంది. ఆయిల్ బ్రేకర్ల స్థానంలోకి వచ్చిన ఎస్ఎఫ్6 వాయువు కరెంటును తెంచడంలో దిట్టే. కానీ గాలిలో కలిస్తే బొగ్గుపులుసు వాయువు కన్నా 23 వేల రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. దీంతో శూన్యంలో తెంచే వాక్యూమ్ బ్రేకర్లకు గిరాకీ పెరిగింది. ఏదీ ఉచితంగా రాదు. నూనెకు నిప్పు భయం, వాయువుకు వాతావరణం భయం, నీటికి ఓపిక తక్కువ.

ట్రాంబే నుంచి అచ్యుతాపురం దాకా

మన దేశంలోనూ ఈ విద్య ఉంది. ముంబయి ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రం 'కాళి' పేరుతో ఇలాంటి యంత్రాలను నిర్మించింది. కిలో ఆంపియర్ లీనియర్ ఇంజెక్టర్ అన్న మాటల మొదటి అక్షరాలే ఆ పేరు. వేల ఆంపియర్ల ఎలక్ట్రాన్ పుంజాన్ని అతి తక్కువ వ్యవధిలో పుట్టించి, దాంతో ఎక్స్‌రేలు, మైక్రోవేవ్‌లు తయారుచేసే యంత్రమది. దాని గురించి పత్రికల్లో ఆయుధమంటూ కథనాలు వచ్చాయి గానీ దాని మూలం పరిశోధనే. అదే సంస్థ పల్స్‌డ్ పవర్ విభాగం ఉత్తరాంధ్రలోని అచ్యుతాపురం ప్రాంగణంలో పనిచేస్తోంది.

ఈ రంగంలో తెలుగు రైతుకు తెలిసిన సరుకు కూడా ఒకటుంది. పల్స్‌డ్ పవర్ కెపాసిటర్లలో కాగితం పొరల మధ్య నింపే ద్రవాల్లో ఆముదం ఒకటి. మెట్ట చేలల్లో పండే ఆ గింజల నూనె మెరుపును దాచుకునే పాత్రల్లోకీ చేరిందన్నమాట.

మళ్లీ మోటారు కొట్టానికి...

సబ్‌స్టేషన్లలో ఆయిల్ బ్రేకర్లు చాలావరకు తప్పుకున్నాయి. వాటి స్థానంలో వాక్యూమ్, ఎస్ఎఫ్6 బ్రేకర్లు నిలబడ్డాయి. అంతమాత్రాన నూనె స్విచ్చుల కథ ముగియలేదు. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లలో లోడు మీదే వోల్టేజీని సర్దే ట్యాప్ ఛేంజర్లు ఇప్పటికీ చాలాచోట్ల నూనెలోనే తెంచుతూ, కలుపుతూ ఉన్నాయి. అందులో పుట్టే మసి ట్రాన్స్‌ఫార్మర్ నూనెలో కలవకుండా వాటికి విడిగా గది ఉంటుంది. పొలాల్లో ఆయిల్ స్టార్టర్లు ఇంకా కనబడుతూనే ఉన్నాయి.

ఆ స్టార్టరు దగ్గర జరిగే పొరపాట్లు చిన్నవిగానే కనిపిస్తాయి. మట్టం తగ్గినా పట్టించుకోకపోవడం. ట్రాన్స్‌ఫార్మర్ నూనె దొరక్క ఏదో ఒక నూనె పోసేయడం. మూత సరిగ్గా బిగించకపోవడంతో వాన నీరు, బోరు కొట్టంలోని చెమ్మ లోపలికి చేరడం. ఏళ్ల తరబడి నల్లబడ్డ నూనెతోనే నెట్టుకురావడం. కరెంటు వచ్చీ పోతుంటే నిమిషానికోసారి పిడి లాగడం. 1903లో చెక్క పీపాలు అంటుకున్నది వెంటవెంటనే పదే పదే తెంచినందుకేనని గుర్తు పెట్టుకోవాలి.

చేయాల్సినవీ పెద్ద పనులేం కావు. మెయిన్ ఆపి, ఫ్యూజులు తీసి, లైనులో కరెంటు లేదని ఖాయం చేసుకున్నాకే మూత తీయాలి. కాంటాక్టులు పూర్తిగా మునిగేలా డబ్బాలో గీసిన గీత దాకా నూనె ఉండాలి. అది ట్రాన్స్‌ఫార్మర్ నూనే అయివుండాలి. నల్లబడ్డా, అడుగున నీటి బొట్లు కనిపించినా పారబోసి కొత్తది పోయాలి. చేతగాకపోతే తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. ట్రాన్స్‌ఫార్మర్ల నుంచి నూనె దొంగిలించేవాళ్ల కథలు సరిహద్దుకు రెండు వైపులా వినిపిస్తాయి. ఒక డబ్బా నూనె పోతే ఆ రాత్రి కాకపోయినా పైరు ఎండే వేళకు ఆ ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. దాని కింద ఉన్న పది మంది రైతుల పంట దొంగకు తెలియదు.

అల్బుకర్కీలో శాస్త్రవేత్తలు నీటిని బొట్టు బొట్టూ వడకట్టి, బుడగ లేకుండా చూసి, అది ఏ క్షణంలో తెగుతుందో లెక్క కట్టి మరీ వాడుకుంటారు. వాళ్లకు నీటి మీద నమ్మకం ఎక్కువై కాదు, దాని హద్దు తెలిసి. మోటారు కొట్టంలోని డబ్బాకూ కావాల్సింది ఆ ఎరుకే. రేపు పిడి లాగే ముందు... కరెంటు తీసేసి, ఒకసారి మూత ఎత్తి చూస్తే తప్పేముంది?